మూడా, అయిదా, తొమ్మిదా?

కిందటేడు చెల్లి ఫోన్ చేసి "అమ్మా, నువ్వొస్తే కాసీ తీసుకెళ్తాను, పడవ ఎక్కిస్తాను" అంది. అమ్మ ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "కాశీ వెళ్ళడానికి ఫ్రాన్సు దాకా ఎందుకే? రాజమండ్రిలో రైలెక్కితే సరిపోదూ?" అంది. స్పీకర్లో చెల్లి పకపకా నవ్వింది. ఆ ఊరి పేరు రాసేటప్పుడు చివర ఒక 'స్' ఉంటుంది, పలికేటప్పుడు అక్కడివాళ్ళు దాన్ని మింగేస్తారు. అలా మా ఇంట్లో ఆ ప్రయాణానికి కాశీయాత్ర అన్న పేరు స్థిరపడిపోయింది.

చెల్లీవాళ్ళు ఉండేది మార్సెయ్‌లో. అక్కణ్ణించి తూర్పుకి ఓ 20 కిలోమీటర్లు వెళ్తే కాసీ. చిన్న చేపల రేవు. ఈ రెండు ఊళ్ళ మధ్యా సముద్రం ఒడ్డునే తెల్లటి సున్నపురాతి కొండలు నిలువునా లేచి ఉంటాయి. ఆ కొండల్లోకి సముద్రం సన్నటి పాయలుగా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఒక్కో పాయనీ కలాంక్ అంటారు. ఒకప్పుడు అవి వాగులు కోసిన లోయలు. మంచుయుగం ముగిసి సముద్రం మట్టం పెరిగాక మునిగాయి. 2012లో ఆ ప్రాంతాన్ని నేషనల్ పార్కు చేశారు. నడిచీ వెళ్ళొచ్చు గానీ అంతా రాళ్ళ దారి, పైన ఎండ. వేసవిలో అడవి అంటుకునే భయం ఉన్న రోజుల్లో ఆ దారులు మూసేస్తారు కూడా. 72 ఏళ్ళ అమ్మ మోకాళ్ళతో అయ్యే పని కాదు. పడవే మార్గం.

పడవంటే పడవ, ఎక్కి కూర్చుంటాం అనుకున్నాను. రేవులో టికెట్ల కౌంటర్ దగ్గర బోర్డు చూశాక తెలిసింది. మూడు కలాంక్‌లు చూపిస్తే ముప్పావుగంట. అయిదైతే గంట దాటుతుంది. ఎనిమిది, తొమ్మిది అంటే గంటన్నర నుంచి రెండు గంటలు. ఎన్ని ఎక్కువైతే అంత ధర. ఈ పడవలు ఎక్కడా ఆగి దింపవు. పాయలోకి వెళ్తాయి, తిరిగి బయటికొస్తాయి, అంతే. ఈత కొట్టాలంటే వేరే చిన్న పడవలున్నాయి. పది పన్నెండు మందిని ఎక్కించుకుని మధ్యలో ఆపి నీళ్ళలోకి దూకనిస్తారు. ఇంకా ఓపికుంటే తెడ్డు వేసుకునే కయాక్‌లు.

మావారు బోర్డు చూసిన రెండో నిమిషంలోనే తేల్చేశారు. "ఇంత దూరం వచ్చి మూడేమిటి, తొమ్మిదీ చూసేద్దాం." మా పాపకి ఈత పడవ కావాలి. మా మరిది ఎవరెటంటే అటు. నన్నడిగితే నేనేమన్నానో మీకు చెప్పక్కర్లేదు. మీరూ అదే అంటారు.

"మీ ఇష్టం."

ఇరవయ్యేళ్ళుగా ఈ మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. హోటల్లో, బట్టల కొట్లో, కారు కొన్నప్పుడు, ఇల్లు మారినప్పుడు. దీన్ని మంచితనం అనుకుంటాం. కానీ నాకీమధ్య అనుమానంగా ఉంది. "మీ ఇష్టం" అన్నాక బాగుంటే సర్దుకుపోయానన్న పేరు మనది. బాగోకపోతే తప్పు ఎదుటివాళ్ళది. ఇంత లాభసాటి బేరం ఇంకెక్కడా దొరకదు. పైగా వాళ్ళ ఇష్టం నిజంగానే నచ్చనప్పుడు దాన్ని ఎలా తిప్పాలో కూడా మనకి తెలుసు. ఆ రోజు నేనూ తిప్పాను. అమ్మని అడ్డం పెట్టుకున్నాను.

"అమ్మ రెండు గంటలు కూర్చోలేదు. మూడు చాల్లెండి. ఆవిడకి పడవంటే భయం కూడాను" అన్నాను.

భయం మాట అబద్ధం కాదు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పాపికొండలు ఎన్నిసార్లో వెళ్ళొచ్చింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయిన తరవాత మాత్రం పడవ మాటెత్తితే చాలు, ముఖం అదోలా పెట్టేది. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ కట్టెయ్యలేదు. ఏడుస్తున్న వాళ్ళ మొహాలు ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

ఈలోగా చెల్లి ఒక పని చేసింది. నేను చెయ్యాల్సిందీ, చెయ్యనిదీ. రేవు గోడ మీద కూచున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, మూడు రకాలూ విడమరిచి చెప్పి, "నీకేది కావాలి?" అని అడిగింది. అమ్మ కూడా "మీ ఇష్టమే తల్లీ" అంది. (మరి నాకెక్కణ్ణించి వచ్చిందనుకున్నారు!) చెల్లి వదల్లేదు. "నా ఇష్టం సంగతి తరవాత. నువ్వు చెప్పు."

అప్పుడు అమ్మ ప్రశ్నలు మొదలెట్టింది. పడవ ఎక్కడానికి ఎన్ని మెట్లు? పట్టుకోడానికి కమ్మీ ఉంటుందా? లోపల నీడ ఉందా? బాత్రూం ఉందా? లైఫ్ జాకెట్లు ఎక్కడ పెడతారు, అందరికీ సరిపోతాయా? ఎంతమందిని ఎక్కిస్తారు, ఎక్కువమంది వస్తే కూడా తోసేస్తారా? గాలి లేస్తే వెనక్కి తిప్పేస్తారా, డబ్బుల కోసం అలాగే పోనిస్తారా?

చూడండి, మావారు ముందురోజు రాత్రంతా ఫోన్లో వీడియోలు చూశారు. నీళ్ళ రంగు, కొండల ఎత్తు, డ్రోన్ ఫోటోలు. వీటిలో ఒక్క ప్రశ్న కూడా ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదనుకోండి. ఏ పడవ టూరైనా ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి ఇవే. నీళ్ళు ఏ పడవ నుంచి చూసినా అంతే నీలంగా ఉంటాయి. రెండు గంటలు బాత్రూం లేకుండా, ఎండలో, వంతెన లాంటి సన్నటి చెక్క మీంచి ఎక్కి దిగాల్సి వస్తే మాత్రం ఆ నీలం ఎవరి కంటికీ ఆనదు. మనం నీళ్ళు తాగడం మానేసి ప్రయాణాలు చేసే జాతి. పొద్దున్న కాఫీ కూడా సగమే తాగి బయల్దేరేవాళ్ళం ఎంతమంది లేము?

చెల్లి కౌంటర్లో అమ్మాయిని ఒక్కొక్కటే ఫ్రెంచిలో అడిగి వచ్చింది. ఆ పూట వెళ్ళే పడవలో బాత్రూం లేదు. నీడ ఉంది. మెట్లు మూడు, పడవవాళ్ళు చెయ్యిచ్చి ఎక్కిస్తారు. లెక్క దాటి ఒక్కర్ని కూడా ఎక్కించరు. గాలి సంగతి అయితే అక్కడ అసలు సంగతే అదిట. మిస్త్రాల్ అని వాయవ్యం నుంచి రోన్ నది లోయ వెంట దిగి వచ్చే పెద్ద గాలి ఉంది. అది వీచే రోజున ఆకాశం కడిగినట్టు నిర్మలంగా ఉంటుంది, మబ్బు తునక ఉండదు. మనలాంటివాళ్ళు ఎండ చూసి అబ్బ ఎంత మంచి రోజు అనుకుంటాం. లోపల సముద్రం ఎగిరెగిరి పడుతుంటుంది. అలాంటప్పుడు దూరం వెళ్ళే పడవలు ఆపేస్తారు, ఒక్కోసారి అన్నీ ఆపేస్తారు. అందుకని ముందే ఒక రోజుకి ముడి పెట్టుకోకుండా రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకుని వెళ్ళాలన్నది చెల్లి సలహా. ఆ రోజు గాలి లేదు.

అంతా విని అమ్మ, "అయితే అయిదు వెళ్దాం" అంది.

నేను తెల్లబోయాను. "మూడు చాలదూ?" అన్నాను. "మూడూ రేవు పక్కనే ఉన్నాయంటోందిగా, సముద్రం మీదికి వెళ్ళినట్టుండదు. తొమ్మిదంటే బాత్రూం ఇబ్బంది. అయిదైతే సరిగ్గా సరిపోతుంది" అని తేల్చేసింది. నేను అమ్మ పేరు చెప్పి మూడన్నది నా భయానికే అని అప్పుడర్థమైంది. నాకు ఈత రాదు. చిన్నప్పుడు గోదావరిలో స్నానానికి దిగి ఒకసారి కాలు జారినప్పటి నుంచీ నీళ్ళంటే నాకు పడదు. ఆ మాట పైకి చెప్పకుండా డెబ్బై రెండేళ్ళావిడ మోకాళ్ళ వెనక దాక్కున్నాను.

ఇంకో మాట. కుటుంబమంతా ఒకే పడవ ఎక్కాలని ఎక్కడ రాసుంది? ఈ పట్టుదల మన దగ్గర మరీ ఎక్కువ. గుంపుగా వెళ్ళాలి, గుంపుగా తినాలి, ఒకరికి నచ్చకపోతే అందరూ మూతి ముడుచుకోవాలి. మావారూ మరిదీ తొమ్మిదికి వెళ్ళారు. పాప కాస్త సణిగి మాతో వచ్చింది. మర్నాడు పిన్నితో ఈత పడవకి వెళ్ళేట్టు ఒప్పందం. రెండు పడవలు, రెండు రకాల సంతోషాలు, మధ్యాహ్నం రేవులో కలుసుకుంటే సరి. తొమ్మిది చూస్తేనే డబ్బు గిట్టుబాటు అన్న లెక్క నాకెప్పుడూ నచ్చదు. కార్తీకమాసంలో ఒక్క రోజులో పంచారామాలూ చుట్టి తెచ్చే బస్సులో అమ్మ ఒకసారి వెళ్ళింది. ఏ గుడి ఎలా ఉందే అంటే, "బస్సు కిటికీ ఊడిపోయి చలేసింది" అని చెప్పింది.

పడవ కదిలింది. మొదటిది పోర్ మియూ. కిలోమీటరు పైగా పొడుగున్న పాయ, రెండు వైపులా తెరచాప పడవలు కట్టేసి ఉంటాయి. పక్కనే పాత రాతి గని. కాసీ రాయికి అప్పట్లో పెద్ద పేరట. రెండోది పోర్ పాన్, చిన్న ఒడ్డు, మీద సరుగుడులా కనిపించే పైన్ చెట్లు. మూడోది ఆన్ వో. అందరూ ఫోటోల్లో చూసేది ఇదే. నిలువు గోడల్లాంటి తెల్లకొండలు రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే నీడ తొందరగా పడిపోతుంది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీళ్ళు అడుగుదాకా పచ్చగా వెలిగాయి. కొండ మీద తాళ్ళు కట్టుకుని ఎక్కుతున్నవాళ్ళు చీమల్లా ఉన్నారు. అందుకే వీలైతే పొద్దున్న మొదటి పడవకో సాయంత్రం చివరి పడవకో కాకుండా మధ్యాహ్నానికి దగ్గరగా ఉన్నది చూసుకోమంటాను. టోపీ మర్చిపోకండి. అమ్మ ఏమీ మాట్లాడలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూచుంది.

ఆన్ వో దాటి బయటికొచ్చాక సముద్రం మారింది. కొండలు అండగా లేవు, తెరిచిన నీళ్ళు. పడవ ముందూ వెనకా ఊగడం మొదలెట్టింది. నాకు కడుపులో తిప్పింది. నాలుగో కలాంక్ పేరు ఊల్ అని చెల్లి చెబుతూనే ఉంది, నేను తల కమ్మీకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకోవడమే తప్పట, దూరంగా ఆకాశమూ నీళ్ళూ కలిసే గీత వైపు చూడాలట. అమ్మ కొంగుముడి విప్పి ఎండు ఉసిరిముక్క నా నోట్లో పెట్టి వీపు రాసింది. "నాకు భయమని చెప్పావటగా అల్లుడుగారితో" అంది నెమ్మదిగా. నేను ఉసిరిముక్క చప్పరిస్తూ ఊరుకున్నాను. అయిదోదాని పేరు దెవాన్సోన్. ఎలా ఉందని నన్నడక్కండి, నేను చూసింది నా చెప్పులు.

మావాళ్ళు గంట తరవాత వచ్చారు, మొహాలు ఎర్రగా కందిపోయి. కోస్కే గుహ ఉన్న కొండకొమ్ము పక్కనుంచి వెళ్ళామని మావారు గొప్పగా చెప్పారు. వేల ఏళ్ళ నాటి చేతిముద్రలూ గుర్రాల బొమ్మలూ ఉన్న గుహ అది. "చూశారా మరి?" అంది అమ్మ. చూడలేరు. దాని ద్వారం నీటిలో 37 మీటర్ల లోతున ఉంది. పడవ పైనుంచి పోతుంది, అంతే. ఆ గుహకి అచ్చు నమూనా మార్సెయ్‌లో 2022లో తెరిచారు, మర్నాడు అక్కడికి వెళ్ళాం. అమ్మ అక్కడ చేతిముద్రల ముందు చాలాసేపు నిలబడింది.

రేవులో కాఫీ తాగుతున్నప్పుడు అమ్మ చెల్లిని అడిగింది, "ఆ చిన్న పడవలో, ఈత రానివాళ్ళు కూడా ఊరికే కూచోవచ్చా?"

చెల్లి నా వైపు చూసింది. "అడిగి వస్తానుండు" అని లేచింది.