రొట్టె తెలిసినవాళ్లకి పిజ్జా తెలియదా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ఈ మధ్య మన పిల్లలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, నరసరావుపేటలో మంచి పిజ్జా ఎక్కడ దొరుకుద్ది?" మాచర్లలో చదివేవాళ్లు మాచర్ల గురించి, గురజాల వాళ్లు గురజాల గురించి అడుగుతున్నారు. పుట్టినరోజు వచ్చినా, రిజల్ట్స్ వచ్చినా, ఎవరికన్నా ఉద్యోగం వచ్చినా నలుగురు కలిసి డబ్బులేసుకుని పిజ్జా తినడం ఇప్పుడు మామూలైపోయింది. మంచిదే. కానీ ఆ ప్రశ్నకి వచ్చే జవాబులు చూడండి. "ఫలానా షాపు సూపర్." "అక్కడ ఏసీ ఉంది." "ఫొటోలు బాగా వస్తాయి." "బ్రాండ్ షాపుకే పోండి, లోకల్ వేస్ట్." షాపు ఎట్టా ఉందో అందరూ చెప్తున్నారు, పిజ్జా ఎట్టా ఉందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

కొంతమంది పెద్దవాళ్లకి కోపం రావచ్చు. స్కాలర్‌షిప్పులు, తండాలకి రోడ్లు, ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇన్ని ఉండగా పిజ్జా గురించి చర్చ ఏందని. నేను చెప్పేది పిజ్జా దగ్గర ఆగిపోయే మాట కాదు. మన జేబులో డబ్బు పెట్టి కొనే తిండి గురించి "ఇది దేంతో చేశారు?" అని అడగలేనివాళ్లం, రేపు హాస్టల్ భోజనం గురించి ఏం అడుగుతాం? విత్తనాల కొట్లో ప్యాకెట్ తిప్పి తేదీ ఏం చూస్తాం? అడగడం ఒక అలవాటు. చిన్న చోట అలవాటైతే పెద్ద చోట నోరు వస్తుంది.

మనం ఎందుకు అడగమో కూడా ఒప్పుకుందాం. తెలియదనుకుంటారేమో అని భయం. తండా నుంచి వచ్చినోళ్లు, వీళ్లకి పిజ్జా ఏం తెలుసు అని నవ్వుతారేమో అని భయం. అందుకే బాగోకపోయినా బాగుందనుకుంటూ తినేసి, బిల్లు కట్టి, ఫొటో పెట్టి వచ్చేస్తాం. ఈ భయానికి అసలు ఆధారమే లేదని చెప్పడానికే ఈ పోస్టు.

పిజ్జా పుట్టింది రాజుల వంటింట్లో కాదు. ఇటలీలో నేపుల్స్ అనే ఓడరేవు పట్టణంలో, రోజు కూలి చేసుకునేవాళ్లు వీధిలో నిలబడి తిన్న రొట్టె అది. పిండి, టమాటా, కొంచెం నూనె, ఉంటే చీజ్. అంతే. ఆ పిజ్జా చేసే పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మన దేశానికి పెద్ద కంపెనీలతో వచ్చింది 1996లో. ఆ ఏడాదే డోమినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదటి షాపులు తెరిచాయి. పెద్ద సిటీల్లో, అద్దాల షాపుల్లో మొదలైంది కాబట్టి మనకి అది డబ్బున్నోళ్ల తిండిలా కనపడింది. అసలు సంగతి ఏందంటే, అది ఒక పేదోళ్ల రొట్టె. రొట్టె గురించి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మన సుగాలి తండాల్లో జొన్న రొట్టె చేసే అమ్మని గమనించండి. పిండి చేతిలోకి తీసుకుని వాసన చూస్తుంది. పాతపిండైతే చేదొస్తుందని తెలుసు. నీళ్లు మరగకపోతే పిండి పట్టు రాదని తెలుసు. జొన్నలో గోధుమలో ఉండే సాగే గుణం, అంటే గ్లూటెన్, ఉండదు. మరిగే నీళ్లు పోస్తేనే పిండి అంటుకుంటుంది. ఈ సైన్సు ఆమె పుస్తకంలో చదవలేదు, చేత్తో నేర్చుకుంది. అంచు పగిలితే ఎందుకు పగిలిందో, పెనం మీద పొంగకపోతే ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేస్తుంది. ఆ ఇంట్లో ఆ బాటి తిని పెరిగినోళ్లం మనం. ఎరుకల, యానాది కాలనీల్లో, చెంచు గూడేల్లో పెరిగినోళ్లకి కూడా వాళ్ల వాళ్ల తిండి మీద అదే పట్టు ఉంటుంది. ఆ కళ్లతోనే పిజ్జాని చూస్తే చాలు. ఎట్టా చూడాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

మొదటిది బేస్. ముక్క ఎత్తి కింద వైపు తిప్పి చూడండి. రొట్టెకి ఉన్నట్టే గోధుమరంగు మచ్చలు ఉండాలి. తెల్లగా, మెత్తగా ఉంటే సరిగా కాలలేదని అర్థం. అంచు తుంచి చూస్తే లోపల చిన్నా పెద్దా గుల్లలు కనపడాలి. పిండిని ఈస్ట్ వేసి తగినంతసేపు పులియనిస్తేనే అట్టా వస్తుంది. చాలా షాపుల్లో పిండి కలపరు. ప్యాకెట్లో వచ్చే రెడీమేడ్ బేస్ తీసి, పైన అన్నీ చల్లి వేడి చేస్తారు. అది ఎక్కువగా రస్కులాగా ఎండిపోయి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టిస్తే ఇంకా ఘోరం, వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, చల్లారాక తోలులాగా సాగుతుంది. నేపుల్స్‌లో బాగా మండే కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో పిజ్జా కాలుతుంది. మన ఊళ్లలో కరెంటు ఓవెన్ అంత వేడెక్కదు కాబట్టి ఎక్కువ టైం పడుతుంది, అది తప్పు కాదు. "పిండి మీరే కలుపుతారా అన్నా?" అని ఒక్క మాట అడగండి. కలిపేవాళ్లు సంతోషంగా చెప్తారు.

రెండోది చీజ్. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. అసలు మొజరెల్లా పాలతో చేస్తారు. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో పేరుపడిన మొజరెల్లా గేదె పాలది. మన తండాల్లో ఉన్నది కూడా గేదెలే గదా, ఆ పాల వెన్న ఎట్టా ఉంటుందో మనకి తెలుసు. ఇంకో రకం ఉంది. పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనె వేసి చీజ్‌లాగా కనపడేట్టు చేస్తారు. దాన్ని అనలాగ్ అంటారు. అది విషం కాదు, అమ్మడం నేరం కాదు. కానీ దాన్ని చీజ్ అని చెప్పి అమ్మకూడదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం పాల పదార్థం పేరు దానికి వాడకూడదు. చాలామంది తీగలాగా సాగితే అసలు చీజ్ అనుకుంటారు. అది నమ్మకమైన పరీక్ష కాదు, అనలాగ్‌ని కూడా సాగేట్టు చేస్తారు. తిన్నాక అంగిట్లో మైనంలాగా పొర పట్టిందంటే, పాల రుచి అసలు తగల్లేదంటే అనుమానించండి. తేల్చుకోవాలంటే మాత్రం ప్యాకెట్టే చూడాలి. పదార్థాల వరసలో పాలు, ఉప్పు ఉంటే ఒక లెక్క, వెజిటబుల్ ఆయిల్ అని ఉంటే ఇంకో లెక్క.

ఇక్కడ షాపువాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. కిలో అసలు మొజరెల్లా వందల రూపాయల్లో ఉంటుంది. 99 రూపాయలకి పిజ్జా కావాలి, నిండా చీజ్ కావాలి, అసలుది కావాలి అంటే ఎవరికీ గిట్టదు. తక్కువ ధరకి తక్కువ చీజ్ వేసినా పర్లేదు. ఏం వేశారో నిజం చెప్తే చాలు.

మూడోది సాస్. బేస్ మీద టమాటా కెచప్ పూసేస్తే తియ్యగా ఉంటుంది, తెలిసిపోతుంది. టమాటాలు ఉడికించి, ఉప్పూ వెల్లుల్లీ వేసి చేసిన సాస్ పుల్లగా, తాజాగా ఉంటుంది. మిరపకాయకి దేశమంతా పేరున్న నేల మనది. మన దగ్గర షాపులో చిన్న ప్యాకెట్లో వచ్చే రుచీపచీ లేని చిల్లీ ఫ్లేక్స్ చల్లుకోవడం నాకైతే సిగ్గనిపిస్తుంది. లోకల్ షాపువాళ్లు మన ఎండుమిర్చి దంచి పెడితే బ్రాండ్ షాపుల కంటే అక్కడే గెలుస్తారు.

నాలుగోది సైజు. దీని గురించి లెక్క తెలిసినవాళ్లు కూడా మోసపోతారు. మెనూలో రెగ్యులర్, మీడియం, లార్జ్ అని రాస్తారు. ఎన్ని అంగుళాలో అడగండి. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం దాదాపు 38 చదరపు అంగుళాలు. 10 అంగుళాలది 78. అంటే పేరుకి మూడు అంగుళాలే తేడా, తిండి మాత్రం రెట్టింపు. 7 అంగుళాలది 150, 10 అంగుళాలది 250 ఉందనుకోండి. నలుగురు వెళ్లి రెండు చిన్నవి తీసుకుంటే 300 అవుతుంది, ఒక పెద్దది తీసుకుంటే అంతే తిండి 250కి వస్తుంది. పదో తరగతిలో చదివిన వృత్త వైశాల్యం బయట పనికొచ్చే చోటు ఇదే. ఊరికే కాదు, 50 రూపాయలంటే మనకి బస్సు చార్జీ.

ఐదోది శుభ్రత. తిండి అమ్మే ప్రతి షాపుకీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ ఉండాలి. దానికి 14 అంకెల నంబరు ఉంటుంది, అది అందరికీ కనపడేట్టు పెట్టాలి. తిండిలో తేడా వస్తే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు విషయంలో మోసమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు లేకపోతే ఫిర్యాదుని నిరూపించడం కష్టం, అందుకే బిల్లు అడగండి.

ఇప్పుడు మిల్లెట్ పిజ్జా అని ఒకటొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ పేరు బాగా అమ్ముడుపోతోంది. జొన్న పిజ్జా అని రాసి రేటు పెంచుతారు. మనమే అడగాలి, జొన్న పిండి ఎంత, మైదా ఎంత అని. ఒట్టి జొన్నతో చేస్తే మైదా బేస్‌లాగా పొంగి సాగదు. గుల్లగా, మెత్తగా ఉందంటే అందులో ఎక్కువ భాగం మైదానో గోధుమపిండో అయ్యుండొచ్చు. ఒకప్పుడు జొన్న రొట్టె డబ్బా తెచ్చుకున్నందుకు క్లాసులో మనల్ని వింతగా చూశారు. ఇప్పుడు అదే జొన్న పేరుతో మనకే ఎక్కువ రేటుకి మైదా అమ్ముతుంటే నోరు మూసుకుని కొనాలా?

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. వాళ్లు మనతో ఎట్టా మాట్లాడారు? ఒక షాపులో మేం నలుగురం కూర్చుని చీజ్ ఏ రకమని అడిగితే, "మీకెందుకు అవన్నీ, తింటే తినండి" అన్నారు. పక్క టేబుల్ వాళ్లు కారులో వచ్చారు, వాళ్లకి మెనూ అంతా వివరించి చెప్పారు. ఆ పిజ్జా ఎంత బాగున్నా అది మంచి షాపు కాదని నా అభిప్రాయం. ఇంకో చిన్న బండి మీద అన్న అడక్కముందే ప్యాకెట్ చూపించి, "ఇది సగం సగం కలుపుతున్నా తమ్ముడూ, ఈ రేటుకి అంతే వస్తుంది" అన్నాడు. నేను మళ్లీ వెళ్లేది ఆ బండి దగ్గరికే.

మనది పల్నాడు. 12వ శతాబ్దంలో ఈ నేల మీదే బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాం. కారంపూడిలో ఇప్పటికీ వీరుల తిరునాళ్లలో ఆ చాపకూడు పెడుతున్నారు. ఏటా గొప్పగా చెప్పుకునే ఆ మాట, రోజూ మనం కూర్చునే హోటల్ టేబుల్ దగ్గర కూడా నిజం కావాలి. ఒక టేబుల్‌కి ఇచ్చిన జవాబు ఇంకో టేబుల్‌కీ ఇవ్వాలి.

బ్రాండా లోకలా అని కొట్టుకోవద్దు. బ్రాండ్ షాపులో ఏ ఊరెళ్లినా ఒకటే రుచి ఉంటుంది, అదే దాని బలం. లోకల్ షాపులో పిండి కలిపే మనిషి మన కళ్ల ముందే ఉంటాడు, అడిగితే మారతాడు, అది దాని బలం. బాగోకపోతే గొడవ పడకుండా మర్యాదగా చెప్పండి. ఊరికే "వేస్ట్" అని రాసి ఒక చిన్న షాపు పొట్ట కొట్టొద్దు. అక్కడ గిన్నెలు కడిగేది, డెలివరీ ఇచ్చేది మన కుర్రాళ్లే కావచ్చు.

ఇక మీ వంతు. నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, ఎక్కడైనా సరే, మీరు తిన్న మంచి పిజ్జా గురించి చెప్పండి. అయితే "సూపర్" అని వదిలేయొద్దు. పిండి వాళ్లే కలుపుతారా, చీజ్ ఏ రకం, సాస్ తియ్యగా ఉందా పుల్లగా ఉందా, ఎన్ని అంగుళాలు, ఎంత రేటు, అడిగితే ఎట్టా జవాబిచ్చారు, ఈ ఆరూ రాయండి. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు నెలంతా దాచుకున్న డబ్బు పట్టుకుని టౌనుకి వచ్చినప్పుడు, ఆ నాలుగు మాటలు వాళ్లకి నిజంగా పనికొస్తాయి.