చెకింగ్ ఉచితం

హైదరాబాద్‌లో పనిచేసే ఐటీ జనానికి సీటీసీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సికిందరాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. మౌస్ పోయినా, మానిటర్ పోయినా ఒకప్పుడు అందరం అక్కడికే పరిగెత్తేవాళ్ళం. దానికి దగ్గర్లో ఒక సందులో చిన్న కంప్యూటర్ షాపు ఉంది. పేరు చెప్పను లెండి, ప్రకటన అనుకుంటారు. ముందు ఒక కౌంటరు, దాని వెనక అద్దాల బీరువాలో కీబోర్డులూ కేబుళ్ళూ, ఇంకా వెనక ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టిన సర్వీసింగ్ గది. మొత్తం స్టాఫ్ నలుగురు. 2015లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు మా నాన్న ఖమ్మం నుంచి వచ్చి నాకు మొదటి లాప్‌టాప్ కొనిపెట్టింది అక్కడే.

ఆ షాపులో నాకు బాగా నచ్చేది బయట వేలాడే తెల్ల బోర్డు. మధ్యలో ఒక గీత. ఎడమ పక్క "ఈ వారం చిట్కా", కుడి పక్క "మన షాపు కబురు". ఓనరు అంకుల్ స్వయంగా మార్కర్‌తో రాస్తారు. చేతిరాత అంతంత మాత్రమే గానీ విషయం మాత్రం సూటిగా ఉంటుంది. ఇన్నేళ్ళలో నాకు గుర్తుండిపోయిన చిట్కాలు కొన్ని చెప్తాను.

"కంప్యూటర్ స్లో అయిందా? కొత్తది కొనకండి. ముందు ఎస్ఎస్‌డీ వేయించండి." పాత లాప్‌టాపుల్లో హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ, ఒక్కో ఫైల్ కోసం ముల్లు అటూ ఇటూ కదులుతూ వెతుక్కుంటుంది. ఒక్కసారి వెతకడానికి పది పన్నెండు మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు, కాబట్టి అదే పని సుమారు మిల్లీసెకన్‌లో పదో వంతులో అయిపోతుంది. ప్రాసెసర్ ముసలిదైపోయిందని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు దోషి డిస్కే.

"ఫైల్ పొరపాటున డిలీట్ అయితే ఇంకేమీ ముట్టుకోకండి. ఆపేసి తీసుకురండి." డిలీట్ చేసినప్పుడు హార్డ్ డిస్క్ మీద డేటా వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ తర్వాత మనం దించుకునే రికవరీ సాఫ్ట్‌వేరే దాని మీద కూర్చోవచ్చు! ఎస్ఎస్‌డీ అయితే ఇంకా కష్టం. ట్రిమ్ అనే ఆదేశం వల్ల డ్రైవ్ తనంతట తానే ఆ చోటును ఊడ్చేస్తుంది. అందుకే కింద ఇంకో లైను కూడా రాశారు, "ఒక్క చోటే ఉన్న ఫోటో లేనట్టే" అని. మన భాషలో బ్యాకప్ అన్నమాట.

"టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి." ఇది చదివి నేను ఆఫీసులో ఇద్దరి లాప్‌టాపులు ఆపించాను. అందులో ఒకాయన మూడు వారాలుగా దాన్ని అరచేత్తో నొక్కి సర్దుకుంటున్నాడట.

"స్క్రీన్ మీద మైక్రోసాఫ్ట్ ఫోన్ నంబర్ కనిపిస్తే అది దొంగ నంబర్." నిజమే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని కూడా రాశారు.

"విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది. కంప్యూటర్ పారేయకండి, లోపలికి వచ్చి అడగండి." విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే 2017కి ముందు కొన్నవి చాలావరకు బయటే. లోపలికి వెళ్ళి అడిగినవాళ్ళకి అంకుల్ రెండు దారులు చెప్పేవారు. ఒకటి, 2026 అక్టోబర్ 13 వరకు మైక్రోసాఫ్ట్ ఇస్తానన్న అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోవడం. రెండోది, లినక్స్ మింట్ వేయించుకోవడం. కొత్త లాప్‌టాప్ మాట చివరికి గానీ వచ్చేది కాదు.

2025 చివర్లో మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్ళి ర్యామ్ ధరలు మండిపోయినప్పుడు బోర్డు మీద ఏముందో తెలుసా? "ర్యామ్ ధర బాగా పెరిగింది. తప్పదనుకుంటేనే వేయించుకోండి."

ఇప్పుడు ఆ చిట్కాలన్నీ ఒకసారి వరసగా చూడండి. కొనకండి, పారేయకండి, ఆగండి, అడగండి. సరుకు అమ్ముకునే షాపు ఇలా రాస్తుందా? సాయంత్రానికి గల్లా నిండాలనుకునేవాడు రాసే మాటలేనా ఇవి? నాకు ఆ బోర్డు మీద నమ్మకం కుదిరింది అందుకే.

ఇక కుడి పక్క కబుర్లు వేరే రకం. "కౌంటర్ అక్కకి పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. రెండు నెలలు బిల్లులు నేను రాస్తాను, తప్పులుంటే ఓపిక పట్టండి." "డెలివరీ తమ్ముడు డిగ్రీ పరీక్షలు రాస్తున్నాడు. మధ్యాహ్నం తర్వాతే వస్తాడు. ఆల్ ది బెస్ట్ చెప్పండి." ఒకసారి "సర్వీసింగ్ అన్నకి జ్వరం. మదర్‌బోర్డులు సోమవారం." అంతే!! మదర్‌బోర్డులు సోమవారం అన్నమాట ఆ తర్వాత మా టీంలో సామెత అయిపోయింది. ఎవరైనా సెలవు పెడితే చాలు :)

పోయిన నెల నాన్న లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. కుడి పక్క ఇలా ఉంది:

"సర్వీసింగ్ అన్న ఈ నెలాఖరుతో మానేస్తున్నారు. పన్నెండేళ్ళు మనతో ఉన్నారు. రిపేరుకి ఇచ్చినవి ఈలోపే తీసుకెళ్ళండి. మదర్‌బోర్డు పనులు ఇక తీసుకోము."

ఈ అన్న ఎవరో చెప్పకపోతే మీకు దాని బరువు తెలియదు. రెండేళ్ళ క్రితం నా లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆన్ అవడం మానేసింది. ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, బోర్డు పోయింది, మొత్తం మార్చాలి, 23 వేలు అన్నారు. అన్న దగ్గరికి తెచ్చాను. ఆయన బోర్డు విప్పి, మల్టీమీటర్ పెట్టి ఎక్కడో షార్ట్ ఉందని తేల్చాడు. తర్వాత ఆ లైనుకి చిన్న వోల్టేజ్ ఇచ్చి, పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూశాడు. బోర్డంతా తడిగా ఉండగా ఒక్క చోట మాత్రం టకామని ఆరిపోయింది. "ఇదే తమ్మీ. షార్ట్ అయింది వేడెక్కుతది గదా, ముందుగాల అదే ఆరుతది" అన్నాడు. ఆవగింజంత కెపాసిటర్. తీసేసి ఇంకోటి వేశాడు. 1200 రూపాయలు. ఆ లాప్‌టాప్ ఇప్పటికీ పనిచేస్తోంది.

దీన్ని మన ఉద్యోగంలో రూట్ కాజ్ అనాలిసిస్ అంటారు. దానికోసం ఎనిమిదిమంది కాల్‌లో కూర్చుంటాం. ఆ గంటకి కూడా క్లయింటుకి బిల్లు వేస్తాం.

లోపలికి వెళ్ళి అడిగాను. "ఏందన్నా, మానేస్తున్నవంట? పని లేదా?"

"పని లేకేంది తమ్మీ. పైసలే లేవు. రోజుకు పదిమంది వస్తరు, ఏమైందో చూడన్నా అంటరు. అర్ధగంట విప్పి చూస్త, ఫలానాది పోయింది, ఫలానా నంబర్‌ది కొనాలె అని చెప్త. థాంక్స్ అన్నా అని ఫోన్ల ఫోటో తీసుకొని పోతరు. చూసుడుకు పైసలెందుకనుకుంటరు. నా బావమరిది సీసీ కెమెరాలు పెడ్తడు, ఆడ చేరుతున్న. గోడకు బొక్క పెడితే పైసలిస్తరు, బోర్డుల బొక్క ఎక్కడున్నదో చెప్తె ఇయ్యరు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పదిమందిలో నేనూ ఉన్నాను.

2023లో నాన్న లాప్‌టాప్ బాగా నెమ్మదించినప్పుడు ఇదే అన్న విప్పి చూశాడు. డిస్క్ ఆరోగ్యం చెక్ చేసి, సెక్టార్లు పోతున్నాయి, త్వరలో మొత్తం పోతుంది అని చూపించాడు. ఏ సైజు ఎస్ఎస్‌డీ సరిపోతుందో, ఈ మోడల్‌లో ఏ రకం పడుతుందో చెప్పాడు. ముప్పావు గంట. నేను రేటు అడిగాను, ఆలోచించి చెప్తానన్నాను, కిందికి దిగాను. మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో చూస్తే అదే ఎస్ఎస్‌డీ 400 తక్కువ. ఆర్డర్ కొట్టేశాను. వచ్చాక సిగ్గులేకుండా తీసుకెళ్ళి అన్న చేతే బిగింపించుకున్నాను. ఫిట్టింగ్ చార్జీ 200. ఒక్క మాట అనలేదు. ముప్పావు గంటకి ఆయనకి దక్కింది సున్నా, నాకు మిగిలింది 400. ఇంటికెళ్ళాక తెలివిగా కొన్నానని నాన్నకి చెప్పుకున్నాను కూడా.

ఇక్కడ నా అభిప్రాయం ఏమిటంటే, మనం దండగ అనుకునే ఆ "చూడడమే" అసలు పని. ఎస్ఎస్‌డీ అన్నది డబ్బాలో వచ్చే వస్తువు, ఎవరి దగ్గర కొన్నా ఒకటే. ఏది పోయిందో, ఏది పోలేదో చెప్పగలగడమే ఆ షాపులో ఉన్న అసలు సరుకు. దానికి మనం పైసా ఇవ్వం. మరి అది కొన్నాళ్ళకి అమ్మకానికి లేకుండా పోతుంది. అంతేగా?

ఆన్‌లైన్‌లో కొనకండి అని చెప్పడం లేదు. నేనూ కొంటాను, రేపూ కొంటాను. తక్కువకి దొరికినప్పుడు కొనడం తప్పు కాదు. సలహా ఒకరి దగ్గర తీసుకుని, డబ్బులు ఇంకొకరికి ఇచ్చి, మళ్ళీ పాడైతే మొదటివాడు అక్కడే ఉండాలనుకోవడం తప్పు.

చిన్న షాపులన్నీ సత్యహరిశ్చంద్రుడి వారసులేం కాదు, అదీ ఒప్పుకోవాలి. కాలేజీలో ఉన్నప్పుడు వేరేచోట ఒకాయన నాకు పైరేటెడ్ విండోస్ వేసి ఒరిజినల్ అని డబ్బు తీసుకున్నాడు. వాడేసిన హార్డ్ డిస్క్‌ని కొత్తదని అంటగట్టినవాళ్ళ కథలు మీకూ తెలిసే ఉంటాయి. అందుకే నేను పెట్టుకున్న పరీక్ష చెప్తాను. ఒకటి, మార్చిన పాత పార్టు తిరిగి చేతికిస్తాడా? రెండు, సీరియల్ నంబర్‌తో జీఎస్టీ బిల్లు ఇస్తాడా? మూడు, రిపేరు చేసేటప్పుడు మనల్ని పక్కన నిలబడనిస్తాడా? నాలుగు, కనీసం ఒక్కసారైనా "ఇది మీకు అవసరం లేదు" అన్నాడా? నాలుగోది దాటినవాడు దొరికితే వదులుకోకండి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. 2024లో ఫోన్లూ ఎలక్ట్రానిక్ వస్తువులకి రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం కమిటీ వేసింది, ఆ కమిటీ 2025లో నివేదిక కూడా ఇచ్చింది. మంచిదే. విడిభాగాలు, మాన్యువళ్ళు దొరికేలా కంపెనీల మెడలు వంచాల్సిందే. కానీ హక్కు కాగితం మీద చేతికొచ్చేసరికి రిపేరు చేసే మనిషి గోడలకి బొక్కలు పెడుతూ ఉంటే ఆ హక్కుతో ఏం చేసుకుంటాం?

బయటికి వస్తూ అంకుల్‌ని ఒక మాట అడిగాను. కౌంటరు మీద ఎన్నో ఏళ్ళుగా ఒక స్టిక్కర్ ఉంది, "చెకింగ్ ఉచితం" అని. "అంకుల్, అది తీసేయండి. చూసినందుకు 300 అని పెట్టండి. సరుకు ఇక్కడే కొంటే బిల్లులో తగ్గించండి" అన్నాను.

"పెడితే కస్టమర్లు రారు బాబూ" అన్నారాయన.

"ఉచితంగా చూపించుకుని వెళ్ళిపోయేవాళ్ళు కస్టమర్లు ఎలా అయ్యారు అంకుల్?"

ఆయన ఏమీ అనలేదు. నేను 2023 నాటి చెకింగ్ అని చెప్పి 500 అన్న చేతిలో పెట్టబోతే, "ఇప్పుడెందుకు తమ్మీ" అని మళ్ళీ నా జేబులోనే పెట్టాడు. నిజమే, ఇప్పుడెందుకు? అప్పుడు ఇవ్వాల్సింది.

మొన్న శనివారం అటువైపు వెళ్ళాను. ప్లైవుడ్ గదిలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. స్టిక్కర్ అలాగే ఉంది, చెకింగ్ మాత్రం లేదు. నాన్న లాప్‌టాప్ ఈసారి ఆన్ అవకపోతే ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియడం లేదు.

మీ ఊళ్ళో అలాంటి అన్న ఎవరైనా ఇంకా ఉంటే, ఈసారి "చూడడానికి ఎంతివ్వమంటావన్నా?" అని మీరే ముందు అడగండి. వద్దన్నా ఇచ్చి రండి.