ఖాకీ చేతికి ఖరీదైన వాచీనా?

ఎస్సై ఉద్యోగానికి ప్రిపేరవుతున్న వాళ్లను మొదటి జీతంతో ఏం కొంటారని అడిగి చూడండి. అమ్మకు చీర, నాన్నకు ఫోన్ అయ్యాక వాచీ మాట తప్పకుండా వస్తుంది. యూనిఫాంలో గొలుసులు, ఉంగరాలు మెరిపించలేం కదా. కాస్త స్టైల్‌గా కనబడాలంటే మిగిలింది మణికట్టు ఒక్కటే. ఆ సరదాలో తప్పేమీ లేదు. కానీ ఆ వాచీ ధర లక్షల్లోకి వెళితే? సొంత డబ్బుతో కొన్నదే అయినా సరే, పోలీసు చేతికి అది ఉండొచ్చా? కొనుక్కోవచ్చు గానీ డ్యూటీలో పెట్టుకోకూడదన్నది నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ముందు లెక్క. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం ఎస్సై మూల వేతనం రూ.42,300తో మొదలవుతుంది. పేరున్న స్విస్ వాచీ ఒకటి పది లక్షలనుకోండి. అంటే 24 నెలల మూల వేతనం! అద్దె, తిండి, ఇంటికి పంపే డబ్బు ఏవీ లేకుండా రెండేళ్లు దాచాలి. మీ చేతికి ఆ వాచీ చూసినవాళ్లు ఈ లెక్క మనసులోనే వేసేస్తారు. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇక రూల్స్. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. రెండు నెలల మూల వేతనం దాటిన చరాస్తి ఏది కొన్నా నెలలోపు శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. ఏడో వేతన సంఘం లెక్కలో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ మూల వేతనం రూ.44,900. అంటే రూ.89,800 దాటిన వాచీ కొంటే రిపోర్టు చేయాల్సిందే. ఐపీఎస్ అధికారులకు వర్తించే 1968 నియమావళిలోనూ అదే రెండు నెలల కొలమానం. మన తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకూ 1964 నాటి ప్రవర్తనా నియమాలున్నాయి. ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాల్సిందే. వీటన్నిటికీ పైన 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది. ఆదాయానికి మించిన ఆస్తి దొరికి, దానికి సరైన లెక్క చెప్పలేకపోతే అక్రమంగా కూడబెట్టినట్టే చట్టం భావిస్తుంది. లెక్క చెప్పుకోవాల్సింది ఉద్యోగే.

‘నేను కొనలేదు, పెళ్లిలో మామగారు పెట్టారు’ అంటారా? అడిగి పెట్టించుకుంటే అది కట్నం, 1961 చట్టం ప్రకారం నేరం. ప్రేమతో ఇచ్చినా సరే, విలువ పరిమితి దాటితే ప్రభుత్వానికి తెలియజేయాలి. నాలుగేళ్ల తర్వాత ఎవరో ఫిర్యాదు చేసినప్పుడు నోటిమాట పనికిరాదు. అప్పుడే రాసిచ్చిన కాగితం కావాలి. బహుమతి ఎంత ఇబ్బంది తెస్తుందో 2016లో కర్ణాటకలో చూశాం. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చేతికున్న హబ్లో వాచీ పెద్ద వివాదమైంది. స్నేహితుడిచ్చిన కానుక అని ఆయన చెప్పారు. అయినా విమర్శలు ఆగలేదు. చివరికి దాన్ని ప్రభుత్వపరం చేయాల్సి వచ్చింది.

ఫొటోల సంగతి సరేసరి. 2012లో చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో 36 మంది చనిపోయిన బస్సు ప్రమాద స్థలంలో యాంగ్ దాచాయ్ అనే భద్రతాధికారి నవ్వుతూ ఫొటోలో పడ్డాడు. కోపమొచ్చిన నెటిజన్లు అతని పాత ఫొటోలన్నీ తవ్వి, ఒక్కో ఫొటోలో ఒక్కో ఖరీదైన వాచీ ఉందని బయటపెట్టారు. అన్నీ సొంత సంపాదనతోనే కొన్నానన్నాడు. తర్వాత దర్యాప్తు జరిగింది. లంచం, లెక్క చెప్పలేని ఆస్తుల కేసులో 2013లో 14 ఏళ్ల జైలు శిక్ష పడింది. అప్పటి కెమెరాలతోనే అది సాధ్యమైంది. ఇప్పుడు ప్రెస్‌మీట్‌లో మీ పక్కన నిలబడ్డవాడి ఫోన్‌తో తీసిన ఫొటోను జూమ్ చేస్తే డయల్ మీద పేరు కూడా చదవొచ్చు.

అయితే ఇదంతా దొరికిపోతామన్న భయం గురించే అయితే, బిల్లు దగ్గరుంటే చాలు. అసలు విషయం వేరే ఉంది. మెడలో గొలుసు పోగొట్టుకున్న ఓ కూలి మహిళ స్టేషన్‌కు వచ్చిందనుకోండి. మీ బిల్లు బీరువాలో ఉంటుంది. వాచీ మాత్రం టేబుల్ మీద, ఆమె కళ్లెదురుగా ఉంటుంది. మీరు నిజాయితీగా కొన్నారని ఆమెకెలా తెలుస్తుంది? ‘ఈ సార్‌కు ఎంతివ్వాలో’ అని భయపడుతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. స్టేషన్ల చుట్టూ తిరిగే పైరవీకారులు కొత్త ఆఫీసర్ రాగానే ఆయన బలహీనత ఏంటో వెతుకుతారు. మీ వాచీ వాళ్ల పని సులువు చేసేస్తుంది. రేపు దీపావళికి అలాంటి డబ్బానే గుమ్మంలోకి వస్తుంది.

‘మా బ్యాచ్‌మేట్ సాఫ్ట్‌వేర్‌లో చేరి ఆపిల్, ఒమెగా అన్నీ పెట్టుకుంటున్నాడు, మేం మాత్రం బీదగా కనబడాలా?’ అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పోలీసు బీదగా కనబడాలని ఎవరూ కోరుకోరు. కానీ మీ ఫ్రెండ్‌కు మనిషిని అరెస్టు చేసే అధికారం లేదు. అతని దగ్గరకు ఎవరూ వణుకుతూ రారు. అధికారం ఉన్నచోట ఈ చిన్న సరదాను వదులుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

మరి ‘ఫస్ట్ కాపీ’ పెట్టుకుంటే? అది ఇంకా ఘోరం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నకిలీ బ్రాండ్ అమ్మడం నేరం. డీఎస్పీ, ఆపై స్థాయి అధికారి వారెంట్ లేకుండానే ఆ సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. ఆ డీఎస్పీ టీమ్‌లో దాడికి వెళ్లిన ఎస్సై చేతికే అలాంటి నకిలీ ఉంటే ఎలా ఉంటుంది? అసలుదనుకున్నవాళ్లు అనుమానిస్తారు, నకిలీదని తెలిసినవాళ్లు నవ్వుతారు.

టెక్నాలజీ రాసుకునేవాడిగా ఒక మాట. ఖరీదైన మెకానికల్ వాచీ టైం బాగా చూపిస్తుందనేది అపోహ. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే కాస్క్ సంస్థ ప్రమాణమే రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి తేడాను ఒప్పుకుంటుంది. మామూలు క్వార్ట్జ్ వాచీ తేడా సుమారుగా నెలకు 15 సెకన్లు. అంటే రూ.1,500 వాచీ లక్షల వాచీ కంటే కచ్చితమైనది!

కాబట్టి సర్వీసులో చేరాక నిజంగా మనసు పడితే కొనుక్కోండి. డబ్బు బ్యాంకు ద్వారా చెల్లించండి, బిల్లు దాచండి, రూల్ ప్రకారం రాసివ్వండి, పెళ్లిళ్లకు పెట్టుకోండి. డ్యూటీకి మాత్రం మామూలు వాచీ చాలు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. లాకప్‌లో ఉన్నవాడి తల్లి బయట మెట్ల మీద కూర్చుని ఆ గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ టైం తప్పకుండా చూసుకునే ఆఫీసర్ చేతికి ఏ వాచీ ఉన్నా ఆమెకు గౌరవమే.