ఆగిన బండికీ బాధ్యత ఉంది

ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న కారు. రోడ్డు మీద నిలిపిన ట్రాక్టర్ ట్రాలీ కిందికి దూసుకెళ్లిన బైకు. ఇలాంటి వార్త చదవగానే నడిపినవాడి వేగాన్నో, నిద్రమత్తునో తిట్టుకుని పేజీ తిప్పేస్తాం. ఆ లారీ అక్కడెందుకు ఆగింది, దాని వెనుక లైటు వెలుగుతోందా, తారు దిగి ఆగిందా అని అడిగేవారు తక్కువ. ఎవరూ అడగరు కాబట్టే ఆపేవాడికి భయం లేకుండా పోయింది. నడిచే బండికి ఎంత బాధ్యత ఉందో ఆగిన బండికీ అంతే ఉంది. చీకట్లో, తారు మీద, ఏ గుర్తూ లేకుండా బండి నిలపడం పొరపాటు కాదు, నేరం. పోలీసులు, రవాణా శాఖ, రోడ్లు భవనాల శాఖ, బండి యజమానులు అందరూ దాన్ని నేరంగానే చూడాలి.

రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి చుట్టుపక్కల రోడ్లకు ఈ ముప్పు ఏడాది పొడవునా ఉంది. సోమవారం వచ్చిందంటే వేములవాడ రాజన్న దర్శనానికి కార్లు, ఆటోలు, టాటా ఏసీలు బారులు తీరతాయి. మహాశివరాత్రికి, మేడారం జాతర ఏడాదిలో ఆ రద్దీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన్వాడ దగ్గర మిడ్‌మానేరు జలాశయం నిండితే ఆ నీళ్లు చూడాలని వంతెన మీదే బండి ఆపి, తలుపులు బార్లా తెరిచి, పిల్లలను దించి ఫొటోలు తీసుకునేవారు ఉంటారు. యాసంగి కోతలు మొదలైతే కొనుగోలు కేంద్రాలకు వెళ్లే ట్రాక్టర్లు, మిల్లుల ముందు వంతు కోసం నిలబడ్డ లారీలు రోడ్డు పక్కనే రాత్రంతా ఉంటాయి. వాటికి తోడు రోడ్డుకు సగం దాకా ఆరబోసిన వడ్లు, రాత్రికి వాటి మీద కప్పిన నల్ల టార్పాలిన్, అది ఎగిరిపోకుండా చుట్టూ పెట్టిన బండరాళ్లు. రెండు వరుసల రోడ్డులో ఒక వరుస వడ్లకు పోతే, మిగిలిన వరుసలో బండి ఆపినవాడు దారి మొత్తం మూసినట్టే.

పొద్దుగూకే వేళ ఈ రోడ్ల మీద తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. వడ్ల బస్తాలతో వెళ్తున్న ట్రాలీకి టైరు పంక్చర్ అవుతుంది. పక్కకు దించితే మొరంలో దిగబడుతుందన్న భయంతో డ్రైవర్ దాన్ని తారు మీదే ఆపుతాడు. జాకీ పెట్టి, చక్రాల కింద రాళ్లు వేసి, వెనుక నాలుగడుగుల దూరంలో ఒక తుమ్మ కొమ్మ పడేస్తాడు. ట్రాలీకి వెనుక లైటు ఉండదు, ఉన్నా వైరు తెగి ఉంటుంది. రిఫ్లెక్టర్లు ఎప్పుడో మట్టి కొట్టుకుపోయాయి. సాయం వచ్చిన మరొకతను సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, రోడ్డుకు వీపు పెట్టి, ట్రాలీ వెనుకే గొంతు కూర్చుంటాడు. టైరు మార్చాక బండి వెళ్లిపోతుంది. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. ఆ తర్వాత వచ్చే బైకు వాటి మీదికి ఎక్కుతుంది.

కొమ్మ అడ్డం వేస్తే చాలదా అంటే చాలదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డిమ్ లైటు వెలుతురు దాదాపు 50 మీటర్ల దాకా పడుతుంది. అడ్డం ఉన్నది ఏమిటో గుర్తుపట్టి బ్రేకు మీద కాలు వేసేలోపే ముప్పై మీటర్లకు పైగా గడిచిపోతుంది. బ్రేకు పట్టాక బండి నిలవడానికి పొడి రోడ్డు మీదైనా ఇంకో నలభై మీటర్లు కావాలి. అంటే మొత్తం 70 మీటర్లకు పైగా దూరం కావాలి, కనిపించేది 50 మీటర్లు. ఎదురుగా హైబీమ్‌తో బండి వస్తుంటే అదీ కనిపించదు. ట్రాలీకి నాలుగడుగుల వెనుక పడేసిన కొమ్మ ఎవరినీ ఆపలేదు. వచ్చేవాడు నిదానంగా నడపాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆగిన బండి కనిపించేలా చేయాల్సినది దాన్ని ఆపినవాడే.

ఈ నిర్లక్ష్యానికి కట్టిన మూల్యం చిన్నది కాదు. 2017 జూన్‌లో నటుడు రవితేజ తమ్ముడు భరత్ రాజు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద ఆగి ఉన్న లారీని ఢీకొని చనిపోయారు. 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున కోదాడ దగ్గర విజయవాడ హైవే మీద నిలిచిన లారీని కారు ఢీకొని ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. 2025 నవంబరు 2న రాజస్థాన్‌లోని ఫలోడీ జిల్లాలో ఆగి ఉన్న ట్రైలర్‌లోకి టెంపో ట్రావెలర్ దూసుకెళ్లి 15 మంది బలయ్యారు. వాళ్లు పుణ్యక్షేత్రం నుంచి తిరిగొస్తున్న భక్తులు. రాజన్న దర్శనం చేసుకుని రాత్రిపూట ఇంటిదారి పట్టే మన కుటుంబాల్లాంటివారే. ఆ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవాల్సి వచ్చింది.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు బోల్తాపడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. ఆగిన బండ్ల వల్ల పోయే ప్రాణాలు ఒకటి ఇక్కడ, రెండు అక్కడ అన్నట్టు పోతాయి కాబట్టి ఆ కదలిక రాదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనబెట్టుకున్నాయి. ఆ లెక్కలో ఎక్కువ భాగం ఇలా ఒకరిద్దరుగా పోయినవారే.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండిని రోడ్డు మీద వదలకూడదని స్పష్టంగా చెబుతోంది. 127వ సెక్షన్ కింద అలా వదిలేసిన బండి ప్రమాదకరంగా ఉంటే పోలీసులు వెంటనే తొలగించవచ్చు. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దారికి అడ్డంకి కలిగించినవారికి 5,000 రూపాయల దాకా జరిమానా విధిస్తోంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇంకా ముఖ్యం. హైవే మధ్య హెచ్చరిక గుర్తులేమీ లేకుండా వదిలేసిన లారీని కారు ఢీకొన్న కేసులో, కింది స్థాయి తీర్పులు కారు డ్రైవర్‌కు సగం తప్పు అంటగట్టగా, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి పూర్తి బాధ్యత లారీదేనని తేల్చింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఇంత స్పష్టంగా చెప్పాక కూడా ఠాణాల్లో ఢీకొట్టినవాడి మీదే కేసు రాసి ఊరుకోవడం తగదు. ఆగిన బండి ఎలా ఆగిందన్నది ప్రతి ఎఫ్ఐఆర్‌లో ఉండాలి.

బండి చెడిపోవడం ఎవరి చేతిలోనూ లేదని యజమానులు అంటారు. నిజమే. చెడిపోయాక ఏం చేస్తామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఇంజిన్ మొరాయిస్తోందని తెలిసిన వెంటనే ఊపు ఉండగానే ఎడమకు తీసి, నాలుగు చక్రాలూ తారు దిగేలా ఆపాలి. మూలమలుపులో, కల్వర్టు మీద, వంతెన మీద, ఎత్తు ఎక్కే చోట ఆగకూడదు. తప్పనిసరైతే ఇంకొంత దూరం నెట్టుకుంటూ పోయి అయినా వాటిని దాటాలి. నాలుగు ఇండికేటర్లూ, పార్కింగ్ లైట్లూ వేయాలి. కారుతోపాటు వచ్చిన ఎర్ర త్రికోణం డిక్కీలో కవరు విప్పకుండా పడి ఉంటే లాభం లేదు. దాన్ని చేతిలో ముందుకు పట్టుకుని, వచ్చే బండ్లకు కనిపించేలా నడుస్తూ, కనీసం 50 మీటర్ల వెనుక, అంటే సుమారు డెబ్బై అంగలు నడిచి పెట్టాలి. మలుపు దగ్గరైతే మలుపుకు ముందే పెట్టాలి. ప్రయాణికులు ఎడమవైపు దిగి, బండికి ముందూ వెనుకా కాకుండా రోడ్డుకు దూరంగా నిలబడాలి. కారులోనే కూర్చుని నిద్రపోవడం, ట్రాలీ వెనుక కూర్చుని బీడీ కాల్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వెళ్లేటప్పుడు ఆఖరి రాయి తీసి పక్కన పడేశాకే స్టార్టు చేయాలి. ఫ్రాన్స్‌లో 2008 నుంచి ప్రతి కారులో త్రికోణంతోపాటు మెరిసే జాకెట్ కూడా తప్పనిసరి. జాకెట్ కోసం మన దగ్గర చట్టం అడిగేదాకా ఆగనక్కర్లేదు.

ప్రభుత్వం తన వంతు చేయకుండా డ్రైవర్లకు సుద్దులు చెబితే సరిపోదు. జగిత్యాల–కరీంనగర్ 563వ నంబరు హైవే మీదో, కోరుట్ల మీదుగా పోయే 63వ నంబరు హైవే మీదో బండి ఆగితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయవచ్చు. బోయినపల్లి లాంటి మండలాల రాష్ట్ర రోడ్ల మీద ఆగినవారికి ఆ నంబరు పనికిరాదు. ఈ రోడ్ల కోసం జిల్లాకు కనీసం ఒక క్రేన్‌ను రాత్రిపూట సిద్ధంగా ఉంచాలి. వేములవాడ దారిలో, మిడ్‌మానేరు వంతెనలకు అటూఇటూ బండ్లు తారు దిగి ఆగేందుకు గట్టి మొరం పోసిన జాగాలు చేయాలి. తారు అంచు, పక్కన మట్టి మధ్య జానెడు లోతు ఉంటే ఏ ట్రాక్టరూ కిందికి దిగదు, ఆ అంచులు పూడ్చడం రోడ్లు భవనాల శాఖ పని. కోతలకు ముందే ప్రతి ట్రాలీకీ ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు అంటించాలి, అదేమీ మోయలేని ఖర్చు కాదు. కొనుగోలు కేంద్రాలకూ మిల్లులకూ లారీలు నిలిపేందుకు రోడ్డుకు దూరంగా స్థలం చూపాలి. వడ్లు ఆరబోసుకునే కల్లాలు కట్టించకుండా రోడ్డెక్కిన రైతును మాత్రమే నిందించడం అన్యాయం.

ఇవేవీ కోట్ల ప్రాజెక్టులు కావు. ఒక టేపు, ఒక త్రికోణం, తట్టెడు మొరం, ఒక క్రేన్, కేసు రాసే ఎస్సైకి ఒక స్పష్టమైన ఆదేశం. వచ్చే వడ్ల సీజన్‌లోపు రాజన్న సిరిసిల్ల, జగిత్యాల జిల్లా కలెక్టర్లు, ఎస్పీలు కలిసి వీటిని అమలులోకి తేవాలని డిమాండ్ చేస్తున్నాం. అప్పటిదాకా బండి యజమానులు ఎదురుచూడవద్దు. ఈ సాయంత్రమే ట్రాలీ వెనుకకు వెళ్లి లైటు వెలుగుతోందో లేదో చూసుకోండి. వెలగకపోతే బాగు చేయించాకే రోడ్డెక్కించండి.