రియాక్ట్ కొత్త వెర్షన్ వచ్చిందా? పరిగెత్తకండి, అలాగని పడుకోకండి

మనలో రెండు రకాల వాళ్లుంటారు. ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ రాగానే ఛార్జింగ్ పెట్టి మరీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఒక రకం. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అని నెలల తరబడి పక్కకి తోసేసేవాళ్లు ఇంకో రకం. వెబ్‌సైట్లు చేసేవాళ్లలోనూ ఇదే తంతు. నేను మొదటి రకం. ఆళ్లగడ్డలో ఒక దెబ్బ తిన్నాక కాస్త బుద్ధి వచ్చింది.

ఆళ్లగడ్డ అంటే రాతి శిల్పాలు. అక్కడ శిల్పాలు చెక్కే ఒక పెద్దాయనకి రియాక్ట్‌లో చిన్న కేటలాగ్ సైటు చేసిచ్చాను. విగ్రహం ఫోటో, కొలతలు, కింద ఒక వాట్సాప్ బటన్. అంతే. 2024 డిసెంబర్ 5న రియాక్ట్ 19 స్టేబుల్‌గా విడుదలైంది. ఆ వారంలోనే నేను 18.2 నుంచి నేరుగా 19కి ఎగబాకాను. బిల్డ్ పాస్ అయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. ఇంకేం, హాయిగా ల్యాప్‌టాప్ మూసేశా.

మూడో రోజు ఫోన్. "ఏమప్పా, బటన్ నొక్కితే యాడికీ పోవడం లేదంటుండారు!"

చూస్తే లింకులో ఫోన్ నంబర్ ఉండాల్సిన చోట 'అన్‌డిఫైన్డ్' అని ఉంది. ధర రాయని విగ్రహాల కింద "ధర కోసం ఫోన్ చేయండి" అని రావాలి, అక్కడంతా ఖాళీ. కారణం చాలా చిన్నది. ఆ రెండు విలువలనీ ఫంక్షన్ కాంపోనెంట్‌కి డిఫాల్ట్‌ప్రాప్స్‌గా ఇచ్చి ఉన్నా. రియాక్ట్ 19 ఫంక్షన్ కాంపోనెంట్లలో డిఫాల్ట్‌ప్రాప్స్‌ని తీసేసింది. వాటి బదులు మామూలు జావాస్క్రిప్ట్ డిఫాల్ట్ పారామీటర్లు వాడమంది. సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు. కానీ ఆ మూడు రోజుల్లో బటన్ నొక్కి వెళ్లిపోయిన వాళ్లు ఎవరో, ఎంతమందో పెద్దాయనకీ తెలీదు, నాకూ తెలీదు.

తప్పు రియాక్ట్‌ది కాదు, నాదే. 2024 ఏప్రిల్‌లో 18.3 అనే వెర్షన్ వచ్చింది. దాని ముఖ్యమైన పనే 19లో ఏమేం పోతున్నాయో ముందుగా వార్నింగ్ ఇవ్వడం. అందులో ఒక్క రోజు ఆగి ఉంటే కన్సోల్‌లో నా డిఫాల్ట్‌ప్రాప్స్ మీద వార్నింగ్ కనబడేది. నేను ఆ మెట్టు దాటేసి దూకాను.

ఇది చదివి "చూశావా, ముట్టుకోకపోవడమే మేలు" అనుకునే రెండో రకం వాళ్లకి ఇంకో సంగతి. 2025 డిసెంబర్ 3న రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్స్‌లో ఒక లోపం బయటపడింది. తీవ్రత స్కోరు 10కి 10. లాగిన్ కూడా అవసరం లేకుండా బయటివాడు మన సర్వర్ మీద తన కోడ్ నడిపించేయొచ్చు. 19.0, 19.1, 19.2 మూడు వరసల్లోనూ లోపం ఉంది. 19.0.1, 19.1.2, 19.2.1 వెర్షన్లలో ప్యాచ్ ఇచ్చారు. నంద్యాలలో నా ఫ్రెండ్ ఒకడు నెక్స్ట్ జేఎస్ 15తో సైటు నడుపుతున్నాడు. "నడుస్తున్న బండిని ఆపకూడదు" అనేది వాడి సిద్ధాంతం. ఆ రాత్రి వాడి చేత బండి ఆపించి, ప్యాచ్ వేయించి గానీ నేను పడుకోలేదు. నా ఆళ్లగడ్డ సైటుకి ఏమీ కాలేదు, ఎందుకంటే అది పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, సర్వర్ కాంపోనెంట్స్ లేవు. రియాక్ట్ 18 మీదే ఆగిపోయిన వాళ్లకీ ఈ లోపం తగల్లేదు. అది వాళ్ల అదృష్టమే తప్ప ముందుచూపు కాదు.

అందుకే నా అభిప్రాయం ఇదీ: "అప్‌డేట్ చేయాలా వద్దా" అన్నది తప్పు ప్రశ్న. "ఇది ఏ రకం అప్‌డేట్" అన్నదే అసలు ప్రశ్న. వెర్షన్‌లోని మూడు అంకెలే జవాబు చెప్తాయి. చివరి అంకె మారితే అది మన ఫోన్లో సెక్యూరిటీ ప్యాచ్ లాంటిది, రిపేరు. ఆలస్యం చేయకుండా వేసేయాలి. మధ్య అంకె మారితే కొత్త ఫీచర్లు, తీరిగ్గా చూడొచ్చు. మొదటి అంకె మారితే మాత్రం పాత కోడ్ విరగొచ్చు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఏమైంది? ఇల్లు అదే, వీధి అదే. కానీ "కర్నూలు జిల్లా" అని రాసుకున్న ప్రతి చోటా వెతికి మార్చుకోవాల్సి వచ్చింది. మేజర్ వెర్షన్ అంటే సరిగ్గా అంతే. ముందు ఎక్కడెక్కడ రాసుకున్నామో లిస్టు వేసుకోవాలి, ఆ తర్వాతే మారాలి.

ఇప్పుడే నేర్చుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. నంద్యాలలో నేను కలిసిన చాలామంది "అన్నా, నేర్చుకునేలోపే మారిపోతోంది" అంటున్నారు. పాత వీడియో చూసి క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెడతారు. అది 2025 ఫిబ్రవరిలోనే రిటైరైపోయింది, ఇప్పుడు వీట్ లాంటివి వాడమంటున్నారు. ఇంటర్వ్యూలో ఆ మాట విని ముఖం వాడిపోతుంది. కానీ కంగారు పడేంత మార్పు అక్కడ లేదు. ప్రాజెక్టు మొదలుపెట్టే పనిముట్టు మారింది, అంతే. ప్రాప్స్, స్టేట్ రియాక్ట్ మొదటిసారి బయటికొచ్చిన 2013లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో 16.8తో వచ్చిన హుక్స్ ఇప్పటికీ మన రోజువారీ పనే. జావాస్క్రిప్ట్ గట్టిగా వస్తే మిగతాది ఒక వారాంతం పని. వీడియో మొదలుపెట్టే ముందు దాని తేదీ చూడండి, రియాక్ట్ అధికారిక డాక్స్‌తో ఒకసారి పోల్చుకోండి.

ఇప్పుడు నా పద్ధతి చెప్తా. ప్యాచ్ వస్తే అదే రోజు. మేజర్ వస్తే మార్పుల జాబితా మొత్తం చదివి, కాపీ మీద ప్రయత్నించి, వాడే లైబ్రరీలన్నీ సిద్ధమయ్యాకే. ఇక ఏ అప్‌డేట్ తర్వాతైనా సరే, బిల్డ్ పాస్ అయిందని ల్యాప్‌టాప్ మూసేయను. నా ఫోన్ తీసి, ఆ వాట్సాప్ బటన్ నేనే నొక్కి చూస్తా. పెద్దాయన "మళ్లీ నువ్వేనా అప్పా" అని రిప్లై ఇస్తే, ఆ రోజుకి పని అయినట్టే.