గాలికి డబ్బులా?

"గాలి ఊదినందుకు అన్ని డబ్బులా?"

ఈ మాట అన్నది ఎవరో కాదు, మా బావ. విని కిసుక్కున నవ్వింది నేను. కాబట్టి కింద పెట్టబోయే చీవాట్లలో సగం వాటా నాదేనని ముందే మనవి :)

సంగతేంటంటే, మా మేనల్లుడి పుట్టినరోజుకి సన్నటి పొడుగు బెలూన్లు మెలిపెట్టి కుక్కలూ, కత్తులూ, పువ్వులూ చేసే కుర్రాణ్ణి పిలిపించాం. రెండు గంటలకని మాట. పిల్లల క్యూ ఎంతకీ తరగలేదు. "ఇంకాసేపు ఉండు తమ్ముడూ" అంటే మూడో గంట కూడా ఉన్నాడు. ఆ గంటకి డబ్బులడిగితే మా బావ చెప్పిన జవాబే పైన రాశాను. ఆ అబ్బాయి "సరే అన్నా" అని పంపు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బావా, నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేరే. మాకు గంటల లెక్క తెలీదా? క్లయింటు ఒక్క డ్రాప్‌డౌన్ ఎక్కువ పెట్టమంటే "ఇది స్కోప్‌లో లేదండీ" అని ఛేంజ్ రిక్వెస్ట్ రాసి, ఎస్టిమేట్ పంపి, ఆమోదం వచ్చేదాకా కీబోర్డు ముట్టుకోని జాతి మనది. మనం అమ్మేది మాత్రం చేతికి తగులుతుందా ఏంటి?

"ఊదడమేగా, యూట్యూబ్ చూస్తే నేనూ చేస్తా" అనేవాళ్ళకి ఒక మాట. నేనూ అలాగే అనుకుని ఒక ప్యాకెట్టు కొన్నాను. ఎక్కువగా వాడే వీటిని 260 అంటారు. కొలత ఆ అంకెలోనే ఉంది: పూర్తిగా ఊదితే సుమారు 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు. నోటితో ఊదబోతే నా దవడలు నొప్పెట్టాయి తప్ప అది ఉబ్బలేదు. చేతిపంపు కొనాల్సి వచ్చింది. పోనీ చివరిదాకా నింపితే సరిపోతుందా? మెలి పెట్టిన ప్రతిసారీ లోపలి గాలి ముందుకి జరుగుతుంది. దానికి చోటు కావాలి. అందుకని చివర కొంత ఊదకుండా వదిలెయ్యాలి, మామూలు కుక్కకైతే మూడు నాలుగు అంగుళాలు, మెలికలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే పంపు పట్టుకునే ముందే డిజైన్ మొత్తం బుర్రలో ఉండాలన్నమాట. మనలో ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

కుక్క సంగతే చూడండి. మూతి, రెండు చెవులు, బిగింపు. మెడ, రెండు ముందుకాళ్ళు, బిగింపు. ఒళ్ళు, రెండు వెనక్కాళ్ళు, బిగింపు. మిగిలింది తోక. ఒకే ఫంక్షన్ని మూడుసార్లు పిలిచినట్టు, పారామీటర్లే వేరు. వినడానికి ఎంత సులువో! కానీ మెలికలన్నీ ఒకే వైపు తిప్పాలి, బిగించేదాకా మొదటి బుడగనీ చివరి బుడగనీ వదలకూడదు. వదిలితే అన్నీ విడిపోతాయి. నా మొదటి కుక్కకి మూడు కాళ్ళొచ్చాయి. పువ్వైతే మరీ ఘోరం. కొసలు రెండూ ముడేసి, మూడు మడతలు పెట్టి నడుమ తిప్పితే ఆరు రేకులు రావాలి. వచ్చాయి, ఆరూ ఆరు సైజుల్లో.

మనకి కంట్రోల్ జెడ్ ఉంది. ఆ అబ్బాయికి టప్పుమనే శబ్దం, వెంటనే పిల్లాడి ఏడుపు ఉన్నాయి. టెస్టింగ్ లేదు, నేరుగా ప్రొడక్షనే. ముప్పైమంది పిల్లలు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు అనుకున్నా రెండు గంటలు. మంచినీళ్ళు తాగడానికి కూడా బఫర్ లేని ప్లాను అది.

ఇంకోటి. వెళ్ళేముందు అతను వంగి నేలమీది పగిలిన ముక్కలన్నీ ఏరాడు. ఎందుకో అప్పుడు పట్టించుకోలేదు. పిల్లలు అవి నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడి ఊపిరాడదు. 8 ఏళ్ళలోపు పిల్లలకి ఈ ప్రమాదం ఉందని బెలూన్ల ప్యాకెట్ల మీద హెచ్చరిక వెయ్యాలని అమెరికాలో 1994లో చట్టమే చేశారు. మన పిల్లల కోసం ఆ జాగ్రత్త తీసుకున్నది తల్లిదండ్రులం, మేనమామలం కాదు. ఆ పనిని కూడా "గాలి ఊదడం" ఖాతాలోనే వేసేశాం.

"మార్కెట్ రేటు అంతే, ఇష్టం లేకపోతే రావద్దు" అంటారా? గొడవ రేటు గురించి కాదండీ. మాట్లాడుకున్న దానికంటే ఎక్కువ చేయించుకుని, దానికి వెల లేదనడం గురించి. ఇదే పని మన మేనేజర్ చేసి "శనివారం చిన్న పనుంది, ఒక్క గంటే" అంటే క్యాంటీన్లో ఎంతసేపు తిట్టుకుంటాం?

మర్నాడు అతని నంబరు పట్టుకుని ఆ గంట డబ్బులు పంపాను. "థాంక్స్ అన్నా" అని మాత్రం వచ్చింది. అందులో నా గొప్పేమీ లేదు, హాల్లో అందరి ముందూ ఇవ్వాల్సింది ఫోన్లో ఇచ్చాను. నవ్విన నవ్వు మాత్రం వెనక్కి తీసుకోలేను కదా.

ఈసారి మీ ఇంట్లో పుట్టినరోజైతే గంటలూ, అదనపు గంట రేటూ ముందే మాట్లాడుకోండి. ఎండ తగలని చోట కుర్చీ వెయ్యండి, ఎండకి ఆ రబ్బరు తొందరగా పాడై పగిలిపోతుంది. కేకు ముక్క పిల్లలతో పాటు అతనికీ పెట్టండి. డబ్బులిచ్చేటప్పుడు మాత్రం గాలి సంగతి ఎత్తకండి. మన నెల జీతం దేనికొస్తోందో ఎవరైనా అదే గొంతుతో అడిగితే, మన దగ్గర జవాబుందా?