పూత మీద బయానా

మా కొల్లాపూర్ వైపు మామిడి తోట బేరం చాలాసార్లు పండు మీద జరగదు, పూత మీదే జరిగిపోతుంది. వ్యాపారి వస్తాడు, చెట్టు చెట్టూ తిరిగి చూస్తాడు, కాపు అంచనా కట్టి రైతు చేతిలో బయానా పెట్టి పోతాడు. తర్వాత గాలిదుమారం లేవొచ్చు, తేనెమంచు పురుగు తగలొచ్చు, పిందె రాలొచ్చు. అదంతా తెలిసే ఇస్తాడు. పండు కోసి, బుట్టలకెత్తి, రసీదు చూపిస్తేనే పైసలిస్తానంటే ఆ తోటకు నీళ్లు పెట్టేదెవరు, మందు కొట్టేదెవరు?

పల్లె వ్యాపారికి తెలిసిన ఈ లెక్క మన విజ్ఞాన శాస్త్ర పెద్దలకు ఎక్కడంలేదు. మెదడు శాస్త్రంలో ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న పరిశోధకులకు సదస్సులకు వెళ్లడానికి ఇచ్చే సాయాన్ని 'ట్రావెల్ అవార్డు' అంటున్నారు. దాని చుట్టూ చదువుకున్నవాళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. "అది ప్రతిభకు దక్కే గౌరవం. పనిలో సత్తా ఉంటే డబ్బు వెనకే వస్తుంది. ముందు వెళ్లి రానీ, బిల్లులు పెడితే ఇస్తారు కదా!" వినడానికి న్యాయంగానే ఉంది. ఈ న్యాయం ఎవరికి న్యాయమో అడగాల్సిన సమయం వచ్చింది.

కొల్లాపూర్‌లో ఇంటర్ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జూనియర్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000. అదీ నెలనెలా చేతికందితే. అందులో హాస్టలు, తిండి, ఇంటికి పంపేది పోను మిగిలేదెంత? అమెరికాలో సదస్సంటే రానుపోను విమాన టికెట్టే లక్ష దాటడం మామూలు. వీసా రుసుము వేరే. ఆపై రిజిస్ట్రేషను, బస. ఇవన్నీ ముందు ఆమే కట్టాలి, తిరిగొచ్చి బోర్డింగ్ పాసులతో సహా కాగితాలు పంపాలి, మంజూరు కోసం ఎదురుచూడాలి. తండ్రి క్రెడిట్ కార్డు ఉన్న పిల్లకు ఇది రెండు నెలల ఓపిక. తండ్రికి బ్యాంకులో పంట రుణం తప్ప వేరే ఖాతా లేని పిల్లకు ఇది వడ్డీకి తెచ్చే అప్పు. సాయం పేరు ఒకటే, ఇద్దరికీ అందేది మాత్రం ఒకటి కాదు.

ఇక ప్రతిభ మాట. కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ సెర్బ్ నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సాయం పథకమే తీసుకోండి. 2023 నాటి చట్టంతో ఆ సంస్థ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కలిసింది. ఆ పథకానికి దరఖాస్తు చెయ్యాలంటే సదస్సువాళ్లు పరిశోధనను అంగీకరించినట్టు ఉత్తరం జతచెయ్యాల్సి ఉండేది. అంటే ప్రతిభను తూచాల్సినవాళ్లు అప్పటికే తూచేశారు. మిగిలింది దారిఖర్చు ఒక్కటే. దాన్ని మళ్లీ పోటీ పెట్టి, బహుమతి అని పేరు పెట్టి, శాలువా కప్పినట్టు ఇవ్వడం దేనికి? పైగా ఒకసారి అవార్డు దక్కినవారి బయోడేటాలో అది ఒక వరుసై కూర్చుంటుంది, రెండోసారి అవార్డుకు అదే సిఫారసవుతుంది. మొదటిసారి వెళ్లలేనివాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లే.

మెదడు శాస్త్రం మొదలైందే ఒక దారిఖర్చుతో అని ఈ వాదన చేసేవాళ్లు మరిచిపోతున్నారు. 1888లో బార్సిలోనాలో పనిచేస్తున్న స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్, మెదడు ఒకే అల్లిక కాదనీ, విడివిడి కణాల కూర్పనీ తేల్చాడు. తన డబ్బుతో తానే పత్రిక అచ్చువేసి యూరప్ పండితులకు పంపాడు. స్పానిష్‌లో ఉన్న ఆ కాగితాలను పట్టించుకున్నవాళ్లు లేరు. 1889 అక్టోబరులో కూడబెట్టుకున్న కాస్తా ఊడ్చి, సూక్ష్మదర్శిని, గాజు పలకలు మూటకట్టుకుని బెర్లిన్‌లో జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లాడు. అక్కడ ఆనాటి దిగ్గజం కోలికర్‌ను దాదాపు లాక్కొచ్చి సూక్ష్మదర్శిని ముందు నిలబెట్టాడు. కోలికర్ చూశాడు, నమ్మాడు. తర్వాత కహాల్ రాతలు చదవడానికి స్పానిష్ కూడా నేర్చుకున్నాడు. 1906లో కహాల్‌కు నోబెల్ వచ్చింది. కూడబెట్టిన సొమ్మంటూ లేకపోతే ఆ గాజు పలకలు బార్సిలోనా అలమరాలోనే ఉండిపోయేవి.

"ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చూడొచ్చు" అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. కహాల్ రాసిందీ అచ్చులో ఉంది, చదివేవాడే లేడు. అమెరికాలోని సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వాళ్ల వార్షిక సదస్సు కరోనా కారణంగా 2021లో ఆన్‌లైన్‌లో జరిగింది. మరుసటి ఏడాదే మళ్లీ మనుషుల మధ్యకు వచ్చింది. వేలమంది తిరిగే హాల్లో పోస్టరు పక్కన నిలబడిన విద్యార్థిని ఒక అపరిచితుడు "ఈ బొమ్మలో ఈ చుక్క ఏమిటి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఒక్కోసారి రెండేళ్ల పనిని మలుపు తిప్పుతుంది. అలా అడిగినవాడి ల్యాబులోనే రేపు ఉద్యోగం దొరకొచ్చు. తెర మీద ఉపన్యాసం వినొచ్చు గానీ, ఈ ప్రశ్న పుట్టదు.

దారిఖర్చు ముందే ఇచ్చిన ఉదాహరణలు మన దగ్గర లేకపోలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ వెళ్లాడు. మామగారి ఆదుకోలు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆయన్ను ఓడ ఎక్కించాయి. అప్పటికి ఆయన చేతిలో లోకానికి చూపించే ఆవిష్కరణ ఏదీ లేదు. బోస్టన్‌లో పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి కూలి చేశాడు. సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీని లోకానికి చూపాడు. శరీర బరువులో రెండు శాతమే ఉండి, శక్తిలో అయిదో వంతు తినే మెదడు ఎలా నడుస్తుందో చెప్పాలంటే ఏటీపీ పేరెత్తక తప్పదు. కాకినాడ ధర్మసంస్థ రసీదుల కోసం ఎదురుచూసి ఉంటే ఆయన రేవు దాటేవాడే కాదు.

మా ఊరివాళ్లు ఇంకో మాటంటారు. "మూర్ఛ వచ్చినోణ్ని నాగర్‌కర్నూల్ తీస్కపోయి, ఆడికెల్లి హైదరాబాద్ ఉరికే ఊరు మనది. ముందుగాల డాక్టర్ని తెండి, ఇమానం సంగతి ఎన్క సూద్దాం." ఈ కోపంలో నిజముంది, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ మన ఊళ్ల జబ్బుల్ని ప్రపంచానికి చెప్పేది ఎవరు? నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు పెరిగి, వెన్నుపామును నొక్కి, కాళ్లు చచ్చుబడడం గురించి 1937లోనే నెల్లూరు జిల్లా నుంచి నివేదిక వచ్చింది. ఆ జబ్బులో నరాల సంగతి మీద హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి పనిచేశారు. కేసరిపప్పు తిని కాళ్లు పడిపోయే జబ్బుకు కారణమైన విషాన్ని 1964లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ విడదీసి చూపించారు. ఫ్లోరైడు నీళ్లు తాగని దేశంలో కూర్చున్నవాడికి ఈ ప్రశ్నలు తట్టవు. డాక్టరూ కావాలి, ప్రశ్న వేసేవాడూ కావాలి. ఒకరిని చూపించి రెండోవారి దారిఖర్చు ఎగ్గొట్టడం పొదుపు కాదు.

సదస్సుల పేరుతో షికార్లు చేసే పెద్దలు లేరా? ఉన్నారు. వాళ్ల బిల్లులు తనిఖీ చెయ్యండి. ఆ శిక్ష ఇంకా పాస్‌పోర్టు కూడా తీసుకోని పిల్లలకు వెయ్యకండి.

విద్యకు సాయమివ్వడం ఈ నేలకు కొత్త కాదు, మాది సంస్థానాల సీమ. కొల్లాపూర్ రాజధానిగా జటప్రోలును సురభివారు ఏలారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు చుట్టుపక్కలే. తిరుపతి వేంకట కవుల వంటివాళ్లు ఈ దారుల్లో తిరిగినవాళ్లే. గద్వాల సభలకు ఏటా వచ్చే పండితులకు వార్షికాలుండేవి. అయితే ఆ సభల గడప ఏ కులాలవాళ్లు తొక్కగలిగారో, ఏ కులాలవాళ్లకు ఊరి బావి కూడా దక్కలేదో మనకు తెలుసు. అప్పుడు పుట్టుక చూసి తలుపు మూశారు. ఇప్పుడు బ్యాంకు నిల్వ చూసి మూస్తున్నాం, దానికి ప్రతిభ అని పేరు పెట్టుకున్నాం.

చెయ్యాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. అంగీకార పత్రం రాగానే టికెట్టు, రిజిస్ట్రేషను సంస్థే నేరుగా కొనాలి. బసకూ తిండికీ అడ్వాన్సు ఇవ్వాలి. పోటీ తప్పనిసరైతే ఇంటి ఆదాయాన్నీ, ఆ ఇంట్లో ఇదే మొదటి చదువా అన్నదాన్నీ ముందు చూడాలి. అమెరికా ఒక్కటే కాదు, బెంగళూరు నిమ్‌హాన్స్‌కూ, మానేసర్ మెదడు పరిశోధన కేంద్రానికీ వెళ్లే రైలు ఖర్చు కూడా ఇందులో ఉండాలి. రైలు స్టేషనే లేని కొల్లాపూర్ నుంచి బయల్దేరేవాళ్లకు అదీ దూరమే. ఏఎన్‌ఆర్‌ఎఫ్ నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం దాకా ఎవరైనా రేపే మొదలుపెట్టొచ్చు.

అవార్డు అనే మాట తీసెయ్యండి, దారిఖర్చు అనండి. పూత చూసి బయానా ఇవ్వండి. బిల్లులు తర్వాత అడగండి, టికెట్టు ముందు కొనండి.